జనంగారు

"జనం వచ్చారా?" లోపలి నుంచి ఛైర్మన్ కేకేశాడు.

"వచ్చారండీ. గొడుగు దులుపుకుంటున్నారు," అంది గుమస్తా.

ఆ పురపాలక సంఘంలో జనం అంటే ఒకే ఒక్క ముసలాయన. నెలనెలా సభకు వచ్చి, వెనక వరుసలో ఫ్యాను కింద కూర్చునేవారు. ఛైర్మన్ గొంతు సవరించుకునేసరికి కునుకు తీసేవారు. ఎవరూ ఆయన పేరు అడగలేదు. ఆఫీసంతా జనంగారు అనే పిలిచేది.

ఊళ్లోవాళ్లు ఒక్కరైనా ఎదురుగా కూర్చుంటే తప్ప సభ మొదలుపెట్టకూడదని అక్కడ నిబంధన. ఆఫీసు సిబ్బంది లెక్కలోకి రారు. ఆ ఒక్కరినీ పట్టుకొచ్చే పని గుమస్తాది. సభ ఎప్పుడో బోర్డు మీద రాసేది ఆవిడే, మైకులో చెప్పేది ఆవిడే. సభలో ఏం తేలిందో అచ్చు వేయించి ఇంటింటికీ పంచేదీ ఆవిడే.

చిక్కంతా అక్కడే వచ్చింది.

"సభకి రండి వదినా," అని పిలిస్తే, "ఎందుకమ్మా, ఎలాగూ కాగితం పంపుతావుగా! నీళ్లు ఎప్పుడు రావో, చెత్తబండి ఎప్పుడొస్తుందో అన్నీ పూసగుచ్చినట్టు రాస్తావు," అనేవాళ్లు.

మెచ్చుకున్నందుకు మురిసిపోవాలో, తల బాదుకోవాలో ఆవిడకు తెలిసేది కాదు.

ఒకసారి సభ మధ్యలో జనంగారు గురక పెట్టారు.

"నిద్రపోయే మనిషి వచ్చినట్టా, రానట్టా?" అని ఒక సభ్యుడు లేచాడు.

"కిందటి నెల మీరు నిద్రపోలేదూ? మిమ్మల్ని లెక్కేశాంగా!" అంది పక్క కుర్చీలోని సభ్యురాలు.

అందరూ గొల్లుమన్నారు. ఆ గోలకు జనంగారు ఉలిక్కిపడి లేచి, ఎందుకో తెలియకపోయినా చప్పట్లు కొట్టారు.

గుమస్తాకు ఒళ్లు మండింది. సభ అయ్యాక గుమ్మంలో నిలదీసింది.

"ఇంట్లో మంచం లేదా బాబాయిగారూ?"

"ఉందమ్మా. ఇక్కడ పట్టినంత హాయిగా అక్కడ పట్టదు," అని నవ్వుతూ వెళ్లిపోయారు.

వానాకాలం వచ్చింది. ఆ నెల సభ మామూలు సభ కాదు. కాలువ మీద నడక వంతెన కట్టాలా వద్దా అని తేల్చాలి. ఆ సాయంత్రంలోగా తీర్మానం చేయకపోతే పైవాళ్లు ఇచ్చిన మంజూరు రద్దయిపోతుంది.

గుమస్తా కూతురు బడికి వెళ్లాలంటే ఆ కాలువ దాటాలి. దాని మీద ఉన్నది ఒక దుంగ. వానలకు నాచు పట్టి పాములా జారుతుంది. పిల్ల గడప తొక్కేదాకా తల్లి ప్రాణం ప్రాణంలో ఉండదు.

సభ్యులు వచ్చారు. టీలు వచ్చాయి. జనంగారు మాత్రం రాలేదు.

"ఏరమ్మా జనం?" అన్నాడు ఛైర్మన్ గడియారం చూస్తూ.

"వచ్చేస్తారండీ... దారిలో ఉండుంటారు."

టీలు చల్లారాయి. గుమస్తా చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా వీధిలోకి పరిగెత్తింది.

"సగం గడ్డంతో ఈయన్ని ఎలా వదిలేసి రమ్మంటావక్కా?" అన్నాడు మంగలి.

"మీరు రాకూడదూ?" అని ఆ సగం గడ్డాన్ని అడిగింది.

"ఈ మొహంతోనా?"

ఇస్త్రీ ఆవిడ పెట్టె వేడెక్కిందంది. బట్టల కొట్టాయన బేరం పోతుందన్నాడు. కాలువ అవతలివాళ్లంతా పనుల నుంచి ఇంకా తిరిగి రాలేదు.

అడుగుతూ అడుగుతూ జనంగారి ఇల్లు పట్టుకుంది. ఇంటి ముందు ఆటో. ఆటో నిండా సామాను. తలుపుకు తాళం వేస్తున్నారు జనంగారు.

"తాతయ్యా, రైలు దాటిపోతుంది!" అంటోంది మనవరాలు.

"ఊరికి వెళ్తున్నారా?" అంది గుమస్తా రొప్పుతూ.

"ఇక దీని దగ్గరే ఉంటానమ్మా. ఇల్లు ఖాళీ చేసేశాను."

ఆవిడ ఆటోకు అడ్డం వెళ్లి నిలబడింది.

"బాబాయిగారూ, ఒక్కసారి వచ్చి కూర్చోండి. వంతెన సంగతండీ. నిద్రపోయినా సరే!"

జనంగారు మనవరాలి వైపు తిరిగారు. "రైళ్లు ఇంకా ఉన్నాయిగా తల్లీ?"

"మరి సామానో?"

"దాన్నీ సభకి తీసుకెళ్దాం."

పరుపుచుట్ట ఒళ్లో పెట్టుకుని వెనక వరుసలో కూర్చున్నారు. ఆ రోజు మాత్రం రెప్ప వాల్చలేదు. ఒక్కొక్క చెయ్యీ లేస్తుంటే మెడ సాచి చూశారు. వంతెన ఖాయమైంది. అందరికంటే ముందు ఆయనే చప్పట్లు కొట్టారు.

గేటు దగ్గర గుమస్తా ఆటో కమ్మీ పట్టుకుని వదల్లేదు.

"వచ్చే నెల నేనెవర్ని పట్టుకురానండీ?"

"ఈసారి కాగితంలో ఏం తేలిందో రాయకు. వచ్చి వినండి అని రాయి. దెబ్బకి కుర్చీలు చాలవు!"

ఆటో మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది. తిరిగాక కూడా కాసేపు ఊపింది.

ఎప్పటినుంచో ఆఫీసులో టీలిచ్చే ముసలావిడ గ్లాసుల తొట్టితో వచ్చి పక్కన నిలబడింది. "వెళ్లిపోయాడా?"

"వెళ్లిపోయారు పెద్దమ్మా. ఇన్నాళ్లూ పేరైనా అడగలేదు నేను."

"అడిగినా చెప్పేవాడు కాదులే. నన్నూ చెప్పొద్దన్నాడు. మీరంతా నిన్నగాక మొన్న వచ్చినవాళ్లు, పైగా ఇప్పుడా మీసాలు కూడా లేవాయె."

"ఎవరు పెద్దమ్మా ఆయన?"

ముసలావిడ గ్లాసులు తొట్టిలో సర్దుకుంటూ అంది: "తలుపులు బిగించుకుని, జనం కంట పడకుండా తీర్మానాలు చేసేస్తున్నాడని ఊరంతా ఏకమై దింపేసిన ఛైర్మన్ ఆయనే. జనం లేందే సభ జరగకూడదన్న నిబంధన ఆయన మీద కోపంతో మేం పట్టుబట్టి పెట్టించిందే."