పరదా వెనక అస్తరు

“మళ్లీ వచ్చాడు,” అంది సర్వరమ్మ.

టీచరమ్మ మడతపెడుతున్న దుప్పటి అలాగే వదిలేసి వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడింది. కంప్యూటర్ తెర మీద జారుతున్న వరుసల్లో ఒకటి ఎర్రగా ఉంది.

ఇంట్లోవాళ్లకు భయపడి పారిపోయి వచ్చిన ఆడవాళ్లకు ఆ ఇల్లు ఆసరా. నడిపేది రిటైరైన టీచరమ్మ. సర్వర్ చూసుకుంటుంది కాబట్టి ఈ అమ్మాయిని అందరూ సర్వరమ్మ అంటారు. కొత్తగా వచ్చినవాళ్లు ఆ పేరు విని కాఫీ అడుగుతారు. ఆమె నవ్వుకుంటూ తెచ్చిస్తుంది కూడా. తనూ నెల కిందట ఒక్క బ్యాగుతో ఆ గేటు దాటి వచ్చిన మనిషే.

ఆసరాకు సొంత వెబ్‌సైట్ లేదు. ఉంటే వెతికేవాళ్లకు దారి చూపించినట్టే. పరదాలమ్మే ఒక షాపు వెబ్‌సైట్‌లో, లోపలి ఫోల్డరులో దాని అప్లికేషన్ నడుస్తుంది. షాపు చిరునామా చివర గీత పెట్టి, పరదాకు లోపలివైపు కుట్టే గుడ్డ పేరు ‘అస్తరు’ అని కొడితేనే తెరుచుకుంటుంది. పక్కనుంచి ఎవరు తొంగిచూసినా పరదాలు బేరం చేస్తున్నట్టే ఉంటుంది. అందులో పేరు అడగరు. ఎక్కడ కలవచ్చు, ఎవరంటే భయం, రెండే ప్రశ్నలు. కాపురం చేస్తున్న రోజుల్లోనే, ఆఫీసు పని మాటున, సర్వరమ్మ దాన్ని తయారుచేసి టీచరమ్మకు ఇచ్చింది.

“మీ ఆయనేనని ఎలా చెప్తున్నావ్?”

“మా ఇంటి ఇంటర్నెట్ నంబరు నాకు తెలీదా టీచరమ్మా? అక్కణ్నుంచే కదా పనిచేసేదాన్ని. వారం నుంచీ రోజూ ఇదే. అస్తరులోకి రాకుండా, షాపు వీధి గుమ్మంలోనే నిలబడి ‘సాయం’ అనే పేజీ కావాలంటున్నాడు. ఆ పేరు మన అస్తరులో తప్ప ఎక్కడా లేదు.”

“అస్తరు సంగతి అతనికెవరు చెప్పారు?”

“షాపు కార్డు వెనక రాసి, కుట్టుపెట్టెలో దారపుండల కింద దాచాను. వచ్చేటప్పుడు తీసుకోవడం మర్చిపోయాను.”

“మీ అత్తగారికి దొరికి కొడుక్కిచ్చిందేమో.”

“ఇచ్చే ఉంటుంది. కొడుకు కూర్చోమంటే కూర్చుంటుంది, నిలబడమంటే నిలబడుతుంది. ఆయన స్నానానికి వెళ్లినప్పుడు నేను బ్యాగు తీసుకుని తలుపు గడియ తీస్తుంటే చూసింది. ఎక్కడికే అని కూడా అడగలేదు. వెళ్లి టీవీ సౌండు పెంచుకుంది.”

బయట స్కూటర్ ఆగింది. ఇద్దరూ కిటికీలోంచి తొంగిచూశారు. పక్కింటికి వచ్చిన పార్సిల్ మనిషి. స్కూటర్ వెళ్లిపోయాక సర్వరమ్మ వచ్చి మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చుంది.

“అస్తరు తీసేస్తాను. మొత్తం చెరిపేస్తాను.”

“తీసేస్తే, రేపు ఎవరైనా ఏడుస్తూ పిలిస్తే మనకెలా వినపడుతుంది?”

“తియ్యకపోతే ఆయన గేటు ముందుంటాడు. పైన పిల్లలున్నారు టీచరమ్మా.”

టీచరమ్మ ఎర్ర వరుస మీద వేలు పెట్టింది. “నాకొకటి చెప్పు. లోపలి గదికి దారి తెలిసినవాడు వీధి గుమ్మం ఎందుకు తడుతున్నాడు?”

ఆ ప్రశ్న సర్వరమ్మకు తట్టనే లేదు. భయం పట్టుకున్నాక బుర్ర పనిచెయ్యడం మానేసింది. అప్లికేషన్ కోడ్ తెరిచి పేజీ పేజీ వెతికింది. లింకులన్నిటికీ ముందు ‘అస్తరు’ అని, అప్లికేషన్ కట్టడానికి వాడిన ఫ్రేమ్‌వర్కే తనంతట తాను చేరుస్తుంది. చూపు ఆననివాళ్ల కోసం పెట్టిన పెద్దక్షరాల పేజీ ఒక్కటే ఆమె ఇల్లు వదిలే ముందు హడావిడిగా చేత్తో రాసింది. అందులో ‘పంపు’ నొక్కితే అస్తరును వదిలేసి నేరుగా షాపు గుమ్మానికి పోతోంది. అలాంటి పేజీ మా దగ్గర లేదు పొమ్మంటోంది షాపు.

“తప్పు నాదే. ఇది తలుపు తట్టడం కాదు, ఫారం నింపి పంపుతున్నాడు.”

“అతనికి ఫారమెందుకే?”

“ఎవరో ఆడమనిషిలా రాస్తాడు. మిమ్మల్ని రప్పించుకుంటాడు. మీ వెనకే ఇక్కడికొస్తాడు.”

“పెద్దక్షరాల పేజీలోంచా?”

“కళ్లజోడు లేకపోతే ఆయనకి ఎదురుగోడ కూడా కనపడదు.”

“అయితే సరిచెయ్యి. ఏం ఎర వేస్తున్నాడో చూద్దాం. అది పట్టుకుని పోలీసుల దగ్గరికి నేనే వెళ్తాను.”

దిద్దాల్సింది ఒక్క మాటే. సర్వరమ్మ వేళ్లు దాన్ని కూడా రెండుసార్లు తప్పు కొట్టాయి. ఆ రోజంతా ఆమె గేటుకు తాళం వేసి ఉందో లేదో చూసొస్తూనే ఉంది. ముద్ద నోట పెట్టలేదు. పైన పిల్లలు గట్టిగా నవ్వినా ఉలిక్కిపడింది.

మర్నాడు పొద్దున కంప్యూటర్ చిన్నగా మోగింది. పాత ఇంటి నంబరే.

“మీరే చదవండి. నావల్ల కాదు,” అంది సర్వరమ్మ, చీర కొంగు గుప్పిట్లో బిగించి.

టీచరమ్మ కళ్లజోడు సర్దుకుని మొదటి జవాబు పైకి చదివింది. “‘మీరెవరూ రావద్దు. ఎక్కడున్నారో చెప్పండి, నేనే వస్తాను.’”

“చూశారా. దారి అడుగుతున్నాడు.” సర్వరమ్మ లేచి కిటికీ రెక్క మూసేసింది. “అయిపోయింది. అందర్నీ ఎక్కడికైనా పంపించెయ్యండి.”

టీచరమ్మ ‘ఎవరంటే భయం?’ అన్న రెండో ప్రశ్న దగ్గరికి తెర జరిపి, మెల్లగా కంప్యూటర్‌ను ఆమె వైపు తిప్పింది.

‘నా కొడుకంటే భయం.’