రొట్టెలో దొరికిన చక్రవర్తి

క్రిస్మస్ రొట్టె కొరకగానే నాణెం విందుకొచ్చిన వుకాషిన్ పంటి కింద ఖంగుమన్నది. సెర్బియాలోని మా మిత్రోవిత్సా ఊళ్ళో ఆనాటి రొట్టెలో నాణెం పెట్టి కాల్చడం ఆచారం. అది ఎవరి ముక్కలో వస్తే ఆ ఏటి అదృష్టం వారిది.

దానిని చూడగానే ఇంటి యజమాని, అతని స్నేహితుడు స్వెతొజార్ ముఖం పాలిపోయింది. అది తన దోసపాదులో దొరికిన, రోమన్ సామ్రాజ్యపు చివరి దినాలనాటి కంచునాణెం. చిలుము వదిలించి, ఏ చక్రవర్తిదో తేల్చడానికి నెలల తరబడి ఆలివ్ నూనెలో నానబెడుతున్నాడు. సోమవారం మ్యూజియంవారు చూడవస్తున్నారు. పండుగకే శుభ్రం చేస్తున్నాడనుకొని, భార్య దానిని పిండిలో పెట్టేసింది.

పొయ్యి వేడికి చిలుము రాలి, నాణెం మీది తల బొమ్మ చుట్టూ అక్షరాలు తేలాయి. వుకాషిన్ కళ్ళద్దాలు సవరించుకొని చదివాడు.

“ఎవరిదిరా? చెప్పి చావు!”

వుకాషిన్ నాణేన్ని నోట్లో వేసుకొని, గుక్కెడు సారాతో మింగేశాడు.

“దొంగ వెధవా!” అంటూ స్వెతొజార్ అతని చొక్కా పట్టుకున్నాడు.

“వదలరా! నీ పరువు కోసమే మింగాను. నీ పుట్టినరోజుకి వేళాకోళంగా నేనే పోతపోసి, చిలుము పట్టించి, నీ పాదులో పాతాను. చూసి నవ్వుతావనుకున్నా గాని, మ్యూజియానికి రాస్తావనుకున్నానా? దాని మీదున్నది ‘స్వెతొజార్ చక్రవర్తి’. ఆ ముక్కు కూడా నీదే!”

స్వెతొజార్ పట్టు సడలింది. తన ముక్కు తడిమి చూసుకున్నాడు.

“తలమీద ఏం పెట్టావురా? ఆకుల దండేనా?”

“కాదు. ముత్యాల కిరీటం.”

స్వెతొజార్ లేచి వెళ్ళి, వీధితలుపు గడియ వేసి వచ్చాడు.

“సోమవారానికల్లా అది బయటికి రావాలి,” అన్నాడు. “ఇంకో ముక్క తిను.”