పెరుగు గిన్నె

“తిన్నావా? అబద్ధం చెప్పకు. స్వెటర్ వేసుకున్నావా? మళ్లీ నన్నే దబాయిస్తున్నావా! హుట్స్‌పె!”

కాంతమ్మ ఫోన్లో గదమాయిస్తోంది. సగం ఇంగ్లీషు, సగం ఇజ్రాయెల్ మాటలు. గడప మీద కూర్చొని పల్లీలు ఒలుస్తున్న కూతురు రజితకు ఇంగ్లీషు సగం అర్థమవుతోంది, మిగతా సగం అర్థం కాకపోయినా ఒళ్లు మండుతోంది.

రజితకు తొమ్మిదేళ్లున్నప్పుడు కాంతమ్మ ఇజ్రాయెల్‌లో ఒక ముసలమ్మను చూసుకునే పనికి వెళ్లింది. మరో తొమ్మిదేళ్లకు, నిరుడు, మానవపాడుకు తిరిగొచ్చింది. “ఆడ పని అయిపోయింది” అంది, అంతే. పని అయిపోయినా ముసలమ్మ మాత్రం వదల్లేదు. సాయంత్రం ఏడు కాగానే ఫోన్ మోగుతుంది. తెర మీద ‘యెరూషలేము ఇల్లు’ అన్న పేరు, చక్రాల కుర్చీలో నీలం స్కార్ఫ్ కట్టుకున్న ముసలమ్మ ఫొటో. ఫోన్ ఎత్తగానే అమ్మ గొంతు మారిపోతుంది, కాస్త వణుకుతుంది కూడా. అన్నేళ్లు ముసలివాళ్లతో ఉంటే గొంతుకూ వయసు అంటుకుంటుందేమో అనుకునేది రజిత. చివర్లో అమ్మ ఏదో జోల పాడేది. అక్కడ అప్పటికింకా మధ్యాహ్నమేనట, ఆ కునుక్కి ముసలమ్మకు జోల కూడా కావాలి కాబోలు!

అలాంటి జోల తన చిన్నప్పుడు ఒక్కసారైనా పాడి ఉంటే బాగుండేదని రజితకు ప్రతిరోజూ అనిపించేది.

కాంతమ్మ ఫోన్ పెట్టేసి వచ్చింది.

“అమ్మా, హుట్స్‌పె అంటే తిట్టు, తెల్సా? గద్వాల కాలేజీల మా ఇంగ్లీషు సారు నిన్ననే చెప్పిండు.”

“ఏమని చెప్పిండు?”

“ధైర్యానికి ఇంగ్లీషుల బొచ్చెడు మాటలున్నయంట. బోల్డ్ అంటే బెదరనోళ్లు. నర్వ్ అంటే చెయ్యి వణకకుండ పని జేసేటోళ్లు. ఆడాసిటీ అంటే పెద్దోళ్లకే ఎదురు తిరిగేటోళ్లు. గాల్ అంటే సిగ్గులేనోళ్లు. గవన్ని దాటినంక హుట్స్‌పె అంట. యూదుల యిద్దిష్ బాసల మాట. పక్కింట్ల పెరుగు అడుక్కొచ్చుకొని, పులిసిందని మల్ల వాళ్లనే తిట్టుడు.”

కాంతమ్మ పకపకా నవ్వింది. ఆ నవ్వు కూడా ఫోన్లోనే ఎక్కువ వినబడేది, ఇంట్లో అరుదు.

“మీ సారుకు సగమే ఎరుక. తిట్టినంక తెల్లారి మల్ల గదే గిన్నె పట్కొని గదే ఇంటికి పోవాలె. గప్పుడు హుట్స్‌పె.”

“నేనైతే ఆ గిన్నె ఇసిరికొడ్త.”

“కొట్టలేవు బిడ్డా. మల్ల వచ్చిందంటే ఆ ఇంటి పెరుగు లేంది బత్కలేదన్నట్టు. ఆ ముసలమ్మ ఎవరి మీద పానం పెట్టుకుంటే వాళ్లనే గట్లంటుండె.”

నన్నెప్పుడైనా అలా అన్నావా అని అడగబోయి, మళ్లీ పల్లీలు ఒలవసాగింది రజిత. కాంతమ్మ కూడా ఏదో అనబోయి ఆగి, “అన్నం పెట్టమంటవా?” అంది, చుట్టాన్ని అడిగినట్టు. ఏడాదిగా ఇంతే. “తినవే” అని కసరడానికి కూడా జంకుతుంది. అదేమంటే, “పెద్దపిల్లవైనవ్, నీకు నేనేం జెప్త” అంటుంది. జ్వరమొచ్చిన రోజుల్లో తడిగుడ్డ వేసింది నాన్న, జడలు వేసింది మేనత్త. అమ్మ తిరిగొచ్చాక ఇంట్లో మనిషి పెరిగింది గానీ, అమ్మ కోసం ఎదురుచూడ్డం మాత్రం తగ్గలేదు. ఆమెలోని అమ్మతనాన్నంతా ఆ ఫోనే పీల్చేసుకుంటోందని రజిత కోపం.

ఆదివారం సాయంత్రం కాంతమ్మ ప్రార్థన కూటానికి వెళ్తూ ఫోన్ ఛార్జింగ్‌లోనే మర్చిపోయింది. ఏడు అయింది. ఫోన్ మోగింది. రజిత చూస్తూ ఊరుకుంది. ఆగి మళ్లీ మోగింది. మూడోసారి ఎత్తింది.

అవతలి మనిషి నోరు తెరవకముందే, నెల రోజులుగా మనసులో కూర్చుకున్న ఇంగ్లీషంతా ఒక్క గుక్కలో చెప్పేసింది.

“మేడమ్, నేను కాంతమ్మ కూతుర్ని. తొమ్మిదేళ్లు మా అమ్మ మీ దగ్గరే ఉంది. తిరిగొచ్చాక కూడా మీ దగ్గరే ఉంది. రోజూ మిమ్మల్ని తిన్నావా అని కసురుతుంది. నన్ను ఒక్కసారి కూడా అలా కసరలేదు. నాకు పంతొమ్మిదేళ్లు. నాకు ఇప్పుడైనా అమ్మ కావాలి. మీకు మీవాళ్లంటూ ఉంటారు కదా. దయచేసి మా అమ్మను మాకు వదిలేయండి.”

సారు లెక్క ప్రకారం ఇది ఏ ధైర్యమో ఆమెకు తెలియలేదు.

అవతల వెక్కిళ్లు వినిపించాయి.

“నన్ను క్షమించు” అంది ఒక ఆడగొంతు, ఇంగ్లీషులో. “రోజూ ఇదే ఆఖరుసారి అనుకుంటాను. ఆ వేళ కాగానే మళ్లీ ఫోన్ చేసేస్తాను.”

ఆ గొంతు ముసలిది కాదు.

“మీరెవరు?” అంది రజిత.

“మీ అమ్మ చూసుకున్న ఆమె కూతుర్ని.”

“అయితే ఒక్కసారి మీ అమ్మకు ఫోనివ్వండి. నేను మాట్లాడాల్సింది ఆమెతో.”

ఆ గొంతు చిన్నపిల్ల గొంతులా అయిపోయింది.

“నిరుడు చనిపోయినప్పటి నుంచి మా అమ్మ మీ అమ్మ గొంతులోనే ఉంటోంది.”