ఐదు సెకన్ల పొంతన

“ఆరు గొట్టంగనే దీన్ని వాపస్ పంపిస్తున్న. రేపటి సంది నువ్వు గూడ వేరే నౌకరి చూస్కో, ప్రేమా,” అన్నాడు జగన్మోహన్.

బల్ల మీద కొత్త ల్యాప్‌టాప్ మూత తెరిచి ఉంది. చిక్కడపల్లిలో ఆయన నడిపే కంప్యూటర్ జాతకాల దుకాణానికి అది కావాలని నెల రోజులు పోరుపెట్టింది ప్రేమే. బర్కత్‌పురలో మెట్లు దిగలేని ముసలివాళ్ళు చాలామంది ఉన్నారు, సంచిలో పెట్టుకుపోయి వాళ్ళ ఇంట్లోనే జాతకం వేసి రావచ్చని చెప్పింది. నారాయణగూడ డీలరు మూడు రోజులు వాడి చూడమని ఇచ్చాడు. ఇది మూడో రోజు. గడియారం ఐదు దగ్గరికి వచ్చింది.

“శ్రావణమాసం, పెండ్లిళ్ళ గిరాకీ. ఒక్కడన్న బాగుందన్నడా?” జగన్మోహన్ వేళ్ళు మడవసాగాడు. “ఎంకయ్యేమో పలకంత గూడ లేదు, నా తొమ్మిది గ్రహాలు ఇండ్ల పడ్తయా అన్నడు. మాసమ్మ చప్పుడే లేదు, ఇది బతికున్నదా అన్నది. బుగ్గయ్య పటేలు ఐదు సెకన్లల చెప్పేది జాతకమా, టైమా అనడిగిండు.”

“పాతదాని మీద పావుగంట పడ్తది గద సార్.”

“పడ్తది. పడ్తదనే కూసుంటరు. కూసుంటరు గనుకనే నమ్ముతరు.”

ప్రేమ ఈ పనిలో చేరి ఏడాదయింది. పాలమూరు నుంచి వచ్చి అడిక్‌మెట్ బస్తీలో ఉంటున్న హనుమప్ప, కురుమమ్మల బిడ్డ. ఇద్దరూ కూలికి పోతారు. ఈ నౌకరి పోతే తెల్లవారి తల్లి పక్కన తట్ట పట్టుకొని అడ్డా మీద నిలబడాలి.

“ఇంకో గంటున్నది సార్. ఒక్కరు మంచిగున్నదంటే ఉంచుతరా?”

“అననీ, చూద్దాం.”

అప్పుడే ఒక పెద్దావిడ మెట్లెక్కి వచ్చింది. యాభై దాటి ఉంటాయి. అశోక్‌నగర్ నుంచి నడిచి వచ్చానని చెప్పి, కొంగుతో మెడ తుడుచుకుంది.

“పెండ్లి పొంతన చూడాలె బిడ్డా.” చేతిసంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి ఇచ్చింది. అమ్మాయి పేరు నవత. అబ్బాయి పేరు రాజీవ్. పుట్టిన తేదీలు, గంటలు, ఊళ్ళు పొందికగా రాసి ఉన్నాయి.

ప్రేమ ల్యాప్‌టాప్‌లో కొట్టింది. ఆవిడ స్టూలు మీద సర్దుకొని కూర్చునేలోపే ఫలితం వచ్చేసింది.

“ముప్పై ఆరు గుణాలకు ముప్పై ఒకటమ్మా. మస్తు మంచి పొంతన.”

ఆవిడ ముఖం విప్పారలేదు. “అప్పుడే చెప్పిందా?”

“కొత్త మిషనమ్మా. ఐదు సెకన్లే.”

“తక్కువ రాలేదా?”

“లేదమ్మా.”

“మళ్ళొకసారి చూడు. పిల్ల పుట్టింది తెల్లారి నాలుగు గంటల ఏడు నిమిషాలకు. నువ్వు పదిహేడు కొట్టినవేమో. బటన్లు మరీ ఒకదానికొకటి ఆనుకొని ఉన్నయి.”

ప్రేమ ల్యాప్‌టాప్‌ను ఆవిడ వైపు తిప్పింది. “మీరే చూడుండ్రి. పాతదైతే ఇట్ల తిప్పి చూపియ్యరాదు.”

ఆవిడ తెర మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ ఒక్కొక్క అంకె చదివింది. తప్పు లేదు. ప్రేమ మళ్ళీ మీట నొక్కింది. మళ్ళీ ముప్పై ఒకటి.

“ఆ పాతదాంట్ల గూడ వెయ్యి.”

జగన్మోహన్ ప్రేమను చూసి తల ఊపాడు. చూసినవా, అన్నట్టు.

మూలనున్న పాత కంప్యూటర్‌ను ప్రేమ ఆన్ చేసింది. అది దగ్గింది, గురగురమంది, చాలాసేపటికి గానీ తెర వెలగలేదు. వివరాలు కొట్టి కూర్చుంది. ఆవిడ కూడా రెప్ప వాల్చకుండా కూర్చుంది. ఇచ్చిన టీ చల్లారిపోయింది. ఇంత భయపడే తల్లులను ప్రేమ చూసింది గానీ, ఇంతసేపు ఒక్క మాట లేకుండా కూర్చున్నవాళ్ళను చూడలేదు. పాతది ఒక్క అంకె తేడా చెప్పిందంటే ల్యాప్‌టాప్ పని అయిపోయినట్టే, తన పని కూడా. పావుగంటకు ప్రింటరు కీచుమని కాగితం కక్కింది.

ముప్పై ఒకటి.

ప్రేమ ల్యాప్‌టాప్‌లోది కూడా ప్రింటు తీసి ఇచ్చింది. ఆవిడ రెండు కాగితాలూ ఒడిలో పక్కపక్కన పెట్టుకొని, వరుసకు వరుస వేలితో పోల్చుకుంటూ కిందిదాకా వెళ్ళింది.

“ఒక్క అక్షరం తేడా లేదు.”

“ఉండదమ్మా. లెక్క ఒక్కటే గద,” అంది ప్రేమ.

జగన్మోహన్ ముందుకు వంగాడు. “మీరు మంచిగ పరీక్ష పెట్టిండ్రమ్మా. ఇప్పుడు మీరే చెప్పుండ్రి. ఈ కొత్తది ఉంచుకోవాల్నా, వాపస్ ఇయ్యాల్నా?”

ఆవిడ ల్యాప్‌టాప్ అంచు మీద చెయ్యి పెట్టింది. “ఉంచుకోండి. మంచిగనే ఉన్నది. దీని తప్పేం లేదు.”

జగన్మోహన్ ఫోనందుకొని డీలరుకు చెప్పేశాడు, ఉంచుకుంటున్నామని. పెట్టేసి, “రేపు బర్కత్‌పుర పోవాలె, పొద్దున జర జల్ది రా,” అన్నాడు ప్రేమతో.

ప్రేమ కాగితాలు రెండూ కవరులో పెట్టి, నాలుగు మూలలా పసుపు రాసి, రెండు చేతులతో అందించింది.

“లగ్నం ఎన్నడు పెట్టుకున్నరమ్మా?”

“లగ్నం మూడేండ్ల కిందనే అయింది బిడ్డా, మీ పాత మిషన్ మాట మీద,” అంది ఆవిడ, కవరు సంచిలో పెట్టుకుంటూ. “నిన్న కోర్టుల విడాకులైనయి.”