ఆదివారం కత్తి

షెఫీల్డ్‌లో మంగలికత్తులు చేసే ముసలి ఈనక్ దగ్గరికి ఆ సాయంత్రం అతని నేస్తం, కమ్మరి విల్ఫ్ పెళ్లాం హెట్టీ వచ్చి, ఏడు కత్తుల పెట్టెను బల్ల మీద పెట్టింది. వారంలో రోజుకొకటి. పదేళ్ల కిందట విల్ఫ్ ముచ్చటపడి చేయించుకున్నవే.

"పొద్దున్నే ఆయన్ని మట్టిచేసి వచ్చాం అన్నా. పోయేముందు ఇవి నీకే ఇమ్మన్నాడు."

ఆమె వెళ్లాక ఈనక్ దీపం వెలిగించాడు.

ఏడూ ఒకే ఉక్కు కడ్డీలోంచి రావాలి, గోటితో మీటితే ఒకేలా మోగాలి. ఆ పనికి అదే మర్యాద. కానీ అప్పట్లో ఆదివారం కత్తి పదును పెట్టేటప్పుడు పగిలింది. కడ్డీ అయిపోయింది. ఇంకో ముక్కతో చేసి కలిపేశాడు. అది బొంగురుగా పలికింది.

సమ్మెట మోతకు విల్ఫ్ చెవులు ఎప్పుడో పోయాయి. పెదవులు చూసి మాట పోల్చుకునేవాడు. "ఏరా, ఏడూ ఒకేలా మోగుతున్నాయా? నా చెవులు నీ దగ్గరే కుదువ పెట్టాను!" అని పెట్టె అందుకుంటూ నవ్వాడు. ఈనక్ తలూపాడు. ఆ తర్వాత పదేళ్లు ఒకే బల్ల దగ్గర బీరు తాగారు గానీ, నిజం చెప్పలేకపోయాడు.

ఇప్పుడు ఆరింటినీ వరసగా మీటాడు. గంటల్లా మోగాయి. ఏడోదాని మీదికి చెయ్యి పోలేదు. పెట్టె మూసి, దీపం ఆర్పి, తలుపు గొళ్లెం కోసం తడుముకున్నాడు.

మూసిన పెట్టెలో సోమవారం కత్తి మోగింది. తర్వాత మంగళవారం. అలా శనివారం దాకా మోగి ఆగాయి. ఎవరో జవాబు కోసం ఆగినట్టుంది.

"ఏడోది వేరురా, విల్ఫ్," అన్నాడు ఈనక్. "అప్పుడే చెప్పాల్సింది."

అన్నాక గుర్తొచ్చింది. విల్ఫ్‌కి వినబడదు. చీకట్లో పెదవులూ కనబడవు.

సోమవారం కత్తి మళ్లీ మోగింది. ఈసారి కొంచెం గట్టిగా.