బంద్ చేసి చూడు

మూడో టార్చి ముట్టించగానే డ్రమ్ములోని నీళ్లు తెల్లగా మెరిసిపోయాయి.

"అబ్బ! సూర్యున్నే నీళ్లల్ల ఏసినట్టున్నది గదక్కా," అన్నాడు పడవ నడిపే ఐలేశం.

నిరోష ఫోనులో వెలుతురు కొలత చూసి నోటుబుక్కులో రాసుకుంది. మూడూ చవక టార్చీలే. వంద అడుగుల లోతు దాకా పనిచేస్తాయని మూడు డబ్బాల మీదా రాసి ఉంది. వాటిలో ఒకటి ఈ మధ్యాహ్నం ఆమె తండ్రి చేతిలో ఉండబోతోంది.

నందికొండ వెనక, కృష్ణ నీళ్లలో కట్టిన మంచినీళ్ల బావి అది. నలభై అడుగుల కింద, నీళ్లు లోపలికి వచ్చే ఇనుప జాలికి తెగిన వలలు, నాచు చుట్టుకున్నాయి. నాలుగు రోజులుగా పది ఊళ్లలో నల్లాలు ఎండిపోయాయి.

దిగి ఊడదీయాల్సిన డైవరు సైదులు, ఆమె తండ్రి. పోయినసారి ఆయన లోపల ఉండగానే టార్చి ఆరిపోయింది. కాలు వలలో చిక్కింది. చీకట్లో కొట్టుకుని కొట్టుకుని, ఎలాగో పైకి వచ్చాడు.

"ఈసారి టార్చి నేను చూసి ఇస్త నాయినా," అంది నిరోష.

వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమె. అదీ ఫిజిక్స్.

"మూడో నంబరే," అంటూ దాని కింద గీత గీసింది.

"బంద్ చేసి చూసినవా బిడ్డా?"

ఇద్దరూ వెనక్కి తిరిగారు. బావి మీదికి పోయే వంతెన మొదట్లో, కర్ర ఒళ్లో పెట్టుకుని ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు.

ఐలేశం పకపకా నవ్వాడు. "టార్చి బంద్ చేసి చూస్తే ఏం కనిపిస్తది తాతా? నీ మొకమా, నా మొకమా?"

"నీ మొకం కనిపియ్యకపోవుడే మంచిది గని, గది జర ఇటియ్యి."

"యాడికెళ్లి వచ్చినవ్ తాతా?" అడిగింది నిరోష.

"హాలియా. మా నల్లా గూడ ఎండింది."

చెయ్యి చాపాడు. ఎడమచెయ్యి. రెండు వేళ్లు లేవు. ఆమె టార్చి అరచేతిలో పెట్టేదాకా ఆ చెయ్యి అక్కడే ఆగింది.

ఆయన ముట్టించలేదు. మూత తిప్పి, రబ్బరు రింగు మీద బొటనవేలు రుద్దాడు.

"మూడిట్ల దీని వెలుగే ఎక్కువ తాతా," అంది నిరోష, కొంచెం చిన్నబుచ్చుకుని.

"గట్లనా. నీళ్లు తాగినంక ఎంత వెలుగుతది?"

ఆమె డబ్బా మీది రాత మళ్లీ చదివింది.

ముసలాయన అంగీ జేబులోంచి మూడు బీడీలు తీశాడు.

"బ్యాటరీలు తీసెయ్. ఒక్కోదాంట్ల ఒక్కో బీడీ పెట్టి మూత బిగియ్యి. రాయి కట్టి అడుగుదాకా దించు. తడిసిన బీడీ అంటుకుంటదా మల్ల?"

"గిదేం పరీక్ష! మా అక్క ఫోన్ల చూసి రాసుకున్నది..." అన్నాడు ఐలేశం.

"ఫోను నలభై అడుగులు దిగిందా?"

నిరోష నోటుబుక్కు మూసి తాడు తెచ్చింది.

అర్ధగంట తర్వాత మూడింటినీ బావిలోంచి పైకి లాగి, ముసలాయన దగ్గరికి తెచ్చారు.

మూడో నంబరు మూత విప్పగానే నీళ్లు కారాయి. బీడీ విడిపోయి, పొగాకు ఆమె అరచేతికి అంటుకుంది.

మొదటిదానిలో బీడీ మెత్తబడింది. మూడు అగ్గిపుల్లలు గీసినా అంటుకోలేదు.

రెండోది అన్నింటికంటే మసక వెలుగుది. అందులోని బీడీని ముసలాయన పెదాల మధ్య పెట్టుకుని పుల్ల గీశాడు. ఒక్క దమ్ముకే పొగ వచ్చింది.

"గిది పాసు," అన్నాడు.

నిరోష నవ్వేసింది.

"అయిపోలే. గ్లౌజులు ఏసుకో. కండ్లు మూసుకొని ముట్టియ్యి."

మూడుసార్లు తడబడింది. మీట దొరకలేదు.

"మీట పక్కన సైకిల్ ట్యూబు ముక్క చుట్టు. చేతికి ఎరుక కావాలె. కింద బురద లేసినంక కండ్లతోని పనే లేదు."

పన్నెండింటికి సైదులు సామానుతో ఐలేశం పడవలో నేరుగా, నిరోష ఎదురుచూస్తున్న బావి దగ్గరికే వచ్చాడు.

"ఎన్నో నంబరు బిడ్డా?"

"రెండు. మసకదే నాయినా."

"నువ్వు చూసినవంటే చాలు." నడుముకు తాడు, మణికట్టుకు టార్చి కట్టుకుని దిగాడు.

నిరోష బుడగలు చూస్తూ నిలబడింది. పది నిమిషాలు. ఇరవై. బుడగల చుట్టూ నీళ్లు బురదగా మారాయి. ఆమె చేతుల్లో తాడు చెమటతో జారుతోంది.

అర్ధగంటకు సైదులు తల పైకి వచ్చింది. భుజం మీద వలల మూట. మణికట్టు దగ్గర టార్చి ఇంకా వెలుగుతోంది.

ఆయన గట్టెక్కాక మోటరు వేశారు. పైపు ఒక్కసారి ఉరిమి, నీళ్లు ఎత్తుకుంది. ఐలేశం ఈల వేసుకుంటూ వంతెన అవతలికి పరుగెత్తాడు. కాసేపటికే మొదటి ఊరి నుంచి ఫోను: "అక్కా, నల్లా వచ్చింది!"

సైదులు కూతురి తల పట్టుకుని ఊపాడు.

"బురదల మీటకు చెయ్యి తాకి ఆరిపోయింది బిడ్డా. పానం పోయిందనుకున్న. తడిమితే ట్యూబు ముక్క తగిలింది. ముట్టిస్తే ముట్టింది! ఏడ నేర్చినవ్ గీ ఉపాయం?"

"నాది కాదు. ఒక తాత వచ్చిండు. టార్చీలల్ల బీడీలు పెట్టిచ్చి చూసిండు."

సైదులు చేతిలోని మాస్కు జారిపోయింది. "ఎడమచేతికి రెండు వేళ్లు లేవా?"

"లేవు."

"ఏసోబు మామ! యాడున్నడు?"

ఇద్దరూ వంతెన మీద పరుగెత్తారు. అక్కడ బీడీ ముక్క ఉంది, ఐలేశం ఉన్నాడు.

"బస్సెక్కిండు గదన్నా. మోటరు చప్పుడు విని, నవ్వుకుంట లేసిండు. కండక్టరు చెయ్యి పట్టుకొని ఎక్కించుకున్నడు."

"నాకు మునుగుడు నేర్పిందే గాయన," అన్నాడు సైదులు. "గీ బావికి గా జాలి బిగించింది గూడ గాయననే."

నిరోషకు ఒక్కటే అర్థం కాలేదు.

"మరి మూడు టార్చీలల్ల ఒక్కటి గూడ ముట్టించి చూడలేదేంది నాయినా?"

సైదులు బస్సు పోయిన దిక్కుకు చేతులు జోడించాడు.

"ముట్టిస్తే మామకేం ఎరుక బిడ్డా... గాయనకు పుట్టినకాన్నుంచి చూపే లేదు."