హార్గ్రీవ్స్ గారింట్లో రోలు

ఇంకాస్త దగ్గరికి జరగండి. ఈ కథలో అందరూ గుసగుసగానే మాట్లాడుకుంటారు, దూరంగా కూర్చుంటే వినబడదు.

"చెంచా పళ్లేనికి తగలనీయకు. గోడ అవతల మనుషులున్నారు," అన్నాడు అగ్యేమాన్ పెళ్లాంతో.

సెర్వా చెంచా కింద పెట్టేసింది. ఆ పళ్లెంలో ఉన్నది ఎలాగూ తినబుద్ధి కాలేదు. ఉడకబెట్టిన క్యాబేజీ, ఉడకబెట్టిన బంగాళాదుంప. ఉప్పు కూడా మర్యాదగా, కనబడకుండా వేసినట్టుంది.

ఘానాలోని కుమాసీ నుంచి దొరల దేశంలోని ఈ బోల్టన్ ఊరికి వాళ్లొచ్చి ఏడాది కావస్తోంది. అన్నీ ఒకదానికొకటి అంటుకున్న ఇటుక ఇళ్లు. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. వీళ్ల తలుపు మీద, ఎప్పుడో ఉండి ఖాళీ చేసిన దొరల పేరు, హార్గ్రీవ్స్ అని ఇత్తడి పలక మీద చెక్కి ఉంది. దాన్ని పీకేసి మన పేరు పెట్టుకుందామండీ అంది సెర్వా. ఆ మాటకే అగ్యేమాన్ ఆమెను ఎగాదిగా చూశాడు. ఆ మహానుభావుడు ఆదివారం ఆదివారం వీధి లేవకముందే లేచి, ఆ పరాయి పేరుని బట్టతో రుద్ది రుద్ది మెరిపించేవాడు. కన్నతండ్రి పేరుకైనా అంత సేవ చేసి ఉండడు. పక్కింటి తలుపు మీదా అలాంటి పలకే, పెంబర్టన్ అని. అది ఇంకా ఎక్కువ మెరిసేది. దొరలంటే అలా ఉండాలని అతను నిట్టూర్చేవాడు.

ఆ పెంబర్టన్ గారిని అతను చూసింది ఒక్కసారి, అదీ వానలో, వెనకనుంచి. పొడుగు కోటు, టోపీ, చేతి తొడుగులు, గొడుగు. ఆయన గబుక్కున లోపలికి దూరి తలుపేసుకున్నాడు. ఇక్కడివాళ్లు పలకరింపులు ఇష్టపడరని అగ్యేమాన్‌కి అర్థమైపోయింది. అప్పటినుంచి తనూ అదే మర్యాద పట్టాడు. తల వంచుకుని పోవడం, కిటికీ తెర తీయకపోవడం. అటునుంచి క్యాబేజీ వాసన వస్తోంది కాబట్టి ఇటునుంచీ అదే రావాలన్నాడు. కుమాసీ నుంచి తెచ్చుకున్న ఎండు చేపల మూట చెత్తబుట్టలోకి పోయింది. ఇటు సెర్వా నవ్విందంటే అటు మాటలు టక్కున ఆగిపోయేవి. విన్నావా, మనల్ని గమనిస్తున్నారు అనేవాడు, తనకేదో బిరుదు దొరికినట్టు.

ఆ క్యాబేజీ మీదే సెర్వా ఆడపిల్లని కంది. కన్నాక ముద్ద దిగడం మానేసింది. పిల్లకి పాలు చాలడం లేదు. పిల్ల ఏడుస్తుంటే అగ్యేమాన్ లేచి గోడ వంక చూసేవాడు, తొట్టె వంక కాదు.

అప్పుడు దిగింది సెర్వా తల్లి పోమా. పెట్టె నిండా బట్టలు, బట్టల మధ్య పసిబిడ్డని చుట్టినట్టు చుట్టిన రోలు, పక్కన పొట్టి రోకలి. వస్తూనే కర్రపెండలం, అరటికాయ తెప్పించి పెట్టింది. బాలింతకి వేడి పులుసులో ఫుఫు ముద్ద పెట్టని ఇల్లు వాళ్ల వైపు లేదు. ఆ ముద్ద దంచితేగాని రాదు.

అల్లుడు ఆమెను వంటగదిలో మూలకి పిలిచాడు.

"అత్తమ్మా, ఇక్కడ దంచడాలు కుదరవు. ఇది హార్గ్రీవ్స్ గారి ఇల్లు."

"ఆయనెవరు నాయనా? నా కూతుర్ని కట్టుకున్నది ఆయనేనా?"

కొట్లో ఫుఫు పొడి పొట్లాల్లో దొరుకుతుంది, వేణ్నీళ్లలో తిప్పితే చాలు, చప్పుడుండదు అని నచ్చజెప్పాడు. ఆ పొడితో మీ గోడకి వెల్ల వేసుకోమంది ఆవిడ. చివరికి గొంతు తగ్గించి, అచ్చం అల్లుడిలాగే గుసగుసగా చెప్పింది.

"శనివారం నా పిల్ల ముద్ద తినాలి. తినలేదో, తల్లినీ బిడ్డనీ తీసుకుని కుమాసీ పోతాను. నువ్వూ నీ పలకా కాపురం చేసుకోండి."

శనివారం వచ్చింది. పోమా ఉడికిన కర్రపెండలం, అరటికాయ రోట్లో వేసింది. అగ్యేమాన్ రోలు కింద దుప్పటి మడత పెట్టాడు. కిటికీలు బిగించాడు. రోకలికి మేజోడు తొడిగాడు, చూశారా, రోకలికి. ఒక పోటు వేసి కాసేపు ఆగి ఇంకోటి వేయండి, ఏదో కింద పడిందనుకుంటారు అని బతిమాలాడు. పోమా రోకలి ఎత్తబోతుంటే, నాలుగు రోజులుగా మంచం దిగని సెర్వా వచ్చి అందుకుంది. ఆ మేజోడు పీకి మొగుడి చేతిలో పెట్టింది.

"అమ్మా, నువ్వు ముద్ద తిప్పు. నేను దంచుతాను."

ఏడాదిలో ఆ ఇంట్లో గట్టిగా వినబడిన మొదటి మాట అదే.

తిన్న క్యాబేజీ అంతా ఆ పోటులో ఉంది. నేల అదిరింది, అలమరాలో కప్పులు అదిరాయి. గోడ అవతల మాటలు ఆగిపోయాయి. అగ్యేమాన్ అద్దం ముందుకు పరిగెత్తి టై కట్టుకున్నాడు, బిస్కెట్ల డబ్బా చంకన పెట్టుకున్నాడు. క్షమించాలి పెంబర్టన్ గారూ అని ఒకటికి రెండుసార్లు వల్లించుకున్నాడు. తలుపు గడియ మీద చెయ్యి వేశాడో లేదో, అవతల ఏదో బరువైనది నేలమీద ఈడ్చిన చప్పుడు.

"వస్తున్నారు. అయిపోయింది. మన బతుకు ఈ వీధిలో అయిపోయింది."

సెర్వా రోకలి ఎత్తి పట్టుకునే ఆగింది. పోమా చెయ్యి రోట్లోనే ఉండిపోయింది.

ఇక మిగిలింది ఒక్క ముక్క. దాన్ని మరిచిపోకుండా మీ వాళ్లకి చెప్పండి, తలుపు మీద పరాయి పేరు తోముకునేవాళ్లు కనబడితే పనిగట్టుకుని చెప్పండి.

పెంబర్టన్ల ఇంట్లో రోకలి పోటు మొదలైంది.